బండి సరదా ఉన్నవాళ్లు ఇల్లెక్కడ తీసుకోవాలి? హనుమకొండ నుంచి ఆసిఫాబాద్ దాకా ఒక పోలిక

ఉత్తర తెలంగాణలో బండి నడపడానికి మంచి రోడ్డేదని అడిగితే తలా ఒక పేరు చెబుతారు. తాడ్వాయి అడవి, కెరమెరి ఘాట్, మహబూబ్ ఘాట్, కడెం నుంచి జన్నారం దారి. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కానీ ఆ రోడ్డు పక్కన ఇల్లు తీసుకోవచ్చా అన్నది వేరే లెక్క. ఆదివారం పొద్దున పోయే రోడ్డు ఎంత దూరంలో ఉన్నా పోతాం. మంగళవారం సాయంత్రం పనైపోయాక ఒక గంట తిరిగి రావాలనిపిస్తే పోయే రోడ్డు మాత్రం ఇంటి దగ్గరే ఉండాలి. ఇల్లు మార్చేది ఈ రెండోదాని కోసం. మొదటిదానికి ఒక రాత్రి లాడ్జి చాలు.

ఉద్యోగం మారుతున్నవాళ్లు, ఇంటి నుంచే పని చేసుకునేవాళ్లు, బదిలీలో ఊరు కోరుకునే వీలున్న టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, హైదరాబాద్ ఇల్లు కిరాయికిచ్చి ఇటు వచ్చేద్దామనుకునే రిటైరైనవాళ్లు ఎక్కువగా ఈ ఊర్ల మధ్యే ఊగిసలాడుతుంటారు: హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆ పైన ఆదిలాబాద్, ఉట్నూరు, ఆసిఫాబాద్. ఊర్ల సంగతికి ముందు వాటిని దేనితో కొలవాలో చూద్దాం.

## ముందు కొలతలు

మొదటి ఇరవై నిమిషాలు. గేటు తీసి బండి బయటపెట్టిన ఇరవై నిమిషాల్లో ఆపకుండా, హారన్ కొట్టకుండా సాగిపోయే రోడ్డు మీద ఉంటామా? నా దృష్టిలో మిగతా కొలతలన్నీ దీని తర్వాతే. ఎంత గొప్ప రోడ్డైనా దాన్ని అందుకోవడానికి ముప్పావు గంట సిగ్నళ్లు, ఆటోలు, మార్కెట్ దాటాల్సి వస్తే మొదటి రెండు నెలలు పోతాం, తర్వాత బండి కవరు కింద ఉంటుంది. అందుకే ఊరు ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, ఆ ఊర్లో ఏ వైపు ఇల్లన్నది అంత ముఖ్యం.

పోయిన దారినే రావాలా? ఊరికి మూడు నాలుగు దిక్కుల్లో మంచి దారులుండి, అవి దూరంగా ఎక్కడో కలుస్తుంటే చుట్టు తిరిగి రావచ్చు. ఒకే హైవే మీద ఉన్న ఊర్లో ఏడాది తిరిగేసరికి ప్రతి మైలురాయీ కంఠస్థం అవుతుంది.

లారీలు ఏం మోస్తున్నాయి? లారీలు ఎన్ని అన్నదానికంటే ఇదే అసలు ప్రశ్న. పత్తి లారీ రోడ్డు సగం కమ్మేస్తుంది కానీ మెల్లగా పోతుంది. గ్రానైట్ దిమ్మె వేసుకున్న లారీ వెనక ఉండకూడదు, అంతే. బొగ్గు లారీ దుమ్ము హెల్మెట్ అద్దం మీద పేరుకుంటుంది. అన్నిటికంటే ప్రమాదం గోదావరి ఇసుక లారీ. తడి ఇసుక నింపుకుని బయలుదేరుతుంది, దారి పొడవునా వెనక డోరు సందుల్లోంచి నీళ్లు కారుతుంటాయి. మలుపు దగ్గర లారీ ఒరిగినప్పుడు నీళ్లతో పాటు ఇసుక కూడా జారి, సరిగ్గా మనం బండి వంచే చోట సన్నటి పొరలా పడుతుంది. ఎండకు నీళ్లు ఆరిపోతాయి, ఇసుక ఉంటుంది. పైనుంచి చూస్తే రోడ్డు రంగులో తేడా కూడా కనపడదు.

రోడ్డు మీద పంట. వానాకాలం పంట కోతలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, యాసంగి కోతలకు ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రోడ్డే కల్లం. వడ్లు, మక్కలు సగం రోడ్డు మీద ఆరబోస్తారు. పగలైతే కనపడతాయి. రాత్రి కుప్పచేసి నల్లటి పట్టా కప్పి, అది ఎగరకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. ఎదురుగా వచ్చే బండి లైటు కళ్లలో పడితే ఆ నల్ల కుప్ప తారు రోడ్డులో కలిసిపోతుంది. కోతల కాలంలో ఊరి రోడ్ల మీద చీకటి పడ్డాక నడపొద్దన్నది నా ఖరాఖండి మాట, ఏ ఊర్లో ఇల్లున్నా.

వాన, వాగు. జూలై, ఆగస్టు నెలల్లో ఈ రోడ్ల అందమే వేరు, కానీ వాగు వస్తే దారి తెగిపోతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానకు భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. అంత వాన ప్రతి ఏడూ రాదు. మామూలు వానకు కూడా లోలెవల్ కల్వర్టుల మీద మోకాలి లోతు నీళ్లు పారడం మాత్రం మామూలే.

పడితే ఎక్కడికి? అడగడానికి ఎవరికీ మనసొప్పని ప్రశ్న, ఇంట్లోవాళ్లు మాత్రం అడిగే తీరతారు. ఎముక విరిగితే సరిచేసే ఆసుపత్రి, తలకు దెబ్బ తగిలితే చూసే డాక్టరు, రాత్రిపూట ఎంత దూరంలో ఉన్నారు? అడవి రోడ్లలో ఫోన్ సిగ్నల్ లేని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. 108కు ఫోన్ చేయాలన్నా ముందు గుట్ట దిగాలి.

సర్వీసు, స్పేర్ పార్టులు, పిల్లల బడి, కిరాయి సంగతులు ఆయా ఊర్ల దగ్గర చెబుతాను.

## తొందరున్నవాళ్లకు

| ఊరు | మంచి రోడ్డు ఎంత దగ్గర | చుట్టు దారులు | లారీల బెడద | ఆసుపత్రి, సర్వీసు | ఎవరికి |
|---|---|---|---|---|---|
| హనుమకొండ (ములుగు రోడ్డు వైపు) | దగ్గర, అడవికి గంట పైన | చాలా | పత్తి, మిర్చి సీజన్‌లో, ఇసుక ఎప్పుడూ | బాగా ఉన్నాయి | ఉద్యోగం, కుటుంబం ఉన్నవాళ్లకు |
| ములుగు | గేటు దాటితే | ఓ మాదిరి | ఇసుక | పెద్ద దెబ్బకు వరంగలే | ఒంటరిగా, ఇంటి నుంచి పని చేసేవాళ్లకు |
| భూపాలపల్లి | దగ్గరే | తక్కువ | బొగ్గు, ఇసుక రెండూ | పెద్ద దెబ్బకు వరంగలే | అక్కడే ఉద్యోగం ఉంటేనే |
| కరీంనగర్ | దూరం | చాలా, కానీ చప్పగా | గ్రానైట్ | బాగా ఉన్నాయి | దూర ప్రయాణాలు చేసేవాళ్లకు |
| మంచిర్యాల | అరగంట పైన | బాగానే | బొగ్గు | పర్వాలేదు | అన్నీ కొంచెం కొంచెం కావాలనేవాళ్లకు |
| నిర్మల్ | చాలా దగ్గర | చాలా | హైవే మీదే | పర్వాలేదు | బండే ప్రాణం అనేవాళ్లకు |
| ఉట్నూరు, ఆసిఫాబాద్ | గేటు దాటితే | బాగానే | తక్కువ | దూరం | ఏడాది రెండేళ్ల కోసం వచ్చేవాళ్లకు |

పట్టికలో ఒక్క ముక్కలో చెప్పినవాటికి వెనక చాలా సంగతులున్నాయి. ముఖ్యంగా హనుమకొండ, నిర్మల్ గురించి.

## హనుమకొండ: ఏ వైపు అన్నదే అంతా

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన ఈ నగరంలో ఇల్లు ఎక్కడ అన్నదాన్ని బట్టి బండి బతుకు పూర్తిగా మారిపోతుంది. సుబేదారి, నయీంనగర్, హంటర్ రోడ్డు నడుమ ఉంటే అన్నీ నడిచిపోయే దూరంలో ఉంటాయి, ఒక్క ఖాళీ రోడ్డు తప్ప. కాజీపేట వైపు ఉంటే హైదరాబాద్ దారి చేతిలో ఉంటుంది, రైలూ దొరుకుతుంది. కానీ ఆ దారి నాలుగు లైన్ల తిన్నని హైవే. సుమారు 145 కిలోమీటర్లు గమ్యం చేరడానికి బాగుంటుంది, సరదాకు పనికిరాదు. హసన్‌పర్తి వైపు తీసుకుంటే కరీంనగర్ రోడ్డు మీద పడతారు. ఆ రోడ్డు నాలుగు లైన్లకు వెడల్పు చేస్తున్న పనులతో ఇన్నేళ్లూ దుమ్మే.

మామునూరు దిక్కు ఖమ్మం దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

మిగిలినవి రెండు దిక్కులు, ఎంచుకోవాల్సింది వాటి మధ్యే. ఒకటి గొర్రెకుంట మీదుగా నర్సంపేట రోడ్డు. రెండోది ఆరెపల్లి, ఒగ్లాపూర్, దామెర మీదుగా ములుగు రోడ్డు, అంటే 163వ నంబరు జాతీయ రహదారి.

నర్సంపేట రోడ్డు వైపు ఇల్లుంటే పాకాల మీ చెరువు. గణపతిదేవుడి కాలంలో కట్టించిన చెరువు అది, చుట్టూ అడవి. నర్సంపేట దాటి ఖానాపురం నుంచి చెట్లు దగ్గరవుతాయి. చెరువు కట్ట దాటి కొత్తగూడ వైపు పోతే రోడ్డు సన్నబడి, గుంజేడు దాకా నీడలోనే పోతుంది. వేగంగా నడిపే రోడ్డు కాదది. మూడో గేరులో, ఏ పొదలోంచి ఏ పశువు దాటుతుందోనని కళ్లు పెట్టుకుని నడిపే రోడ్డు. అలా నడపడం నచ్చేవాళ్లకు దీన్ని మించింది ఈ చుట్టుపక్కల లేదు. చిక్కేమిటంటే ఈ వైపు ఎనుమాముల మార్కెట్ ఉంది. పత్తి వచ్చే రోజుల్లో, ఫిబ్రవరి, మార్చిలో మిర్చి వచ్చే రోజుల్లో తెల్లవారుజాము నుంచే ట్రాలీలు, డీసీఎంలు బారులు తీరతాయి. మిర్చి బస్తాల వెనక పోతుంటే హెల్మెట్ అద్దం మూసుకున్నా కళ్లు మండుతాయి. మెగా టెక్స్‌టైల్ పార్కు రావడంతో గీసుగొండ దాకా ఊరు పెరుగుతోంది కూడా.

ములుగు రోడ్డు వైపు ఇల్లుంటే ఇరవై నిమిషాల కొలత అందుకోవడం తేలిక. ఆరెపల్లి దాటాక రోడ్డు తెరుచుకుంటుంది. గుడెప్పాడు క్రాస్ దగ్గర ఎడమకు పరకాల, భూపాలపల్లి దారి చీలుతుంది, బొగ్గు లారీలు అటు పోతాయి. మనం నేరుగా మల్లంపల్లి మీదుగా ములుగు ముందున్న గట్టమ్మ గుడి దాకా పోయి, అక్కడ చాయ్ తాగి తిరిగొస్తే ఒక సాయంత్రం సరదా తీరుతుంది. సెలవు రోజైతే ములుగు దాటి ఎడమకు వెంకటాపూర్ మండలంలోకి తిరిగి పాలంపేట పోవచ్చు. 1213లో కట్టి, 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప గుడి అక్కడే. జనం సాధారణంగా గుడి చూసి వచ్చిన దారినే వెనక్కి వస్తారు. అలా రావద్దు. గుడి నుంచి గణపురం కోటగుళ్ల వైపు సాగి, చెల్పూర్ దగ్గర పరకాల రోడ్డు పట్టుకుని ఇంటికి రండి. నాలుగింట మూడొంతుల దారి పొలాలు, చెరువుల నడుమ. చెల్పూర్ నుంచి పరకాల దాకా మాత్రం బొగ్గు లారీలతో కాస్త ఓపిక కావాలి.

పొడుగు సరదా కావాలంటే అదే 163 మీద పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం. పస్రా దాటాక రోడ్డు అడవిలో దూరి ఏటూరునాగారం దాకా అడవిలోనే ఉంటుంది. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం నడుమ వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. అయినా నీడకు లోటు లేదు. గోదావరి వంతెన దాటి వాజేడు మండలంలోని బొగత జలపాతం దాకా పోవచ్చు. హనుమకొండ నుంచి పోయి రావడానికి పొద్దున్నే బయలుదేరిన ఒక రోజు నిండా పడుతుంది. ఏటూరునాగారంలో పెట్రోలు నింపుకోకుండా ముందుకు పోవద్దు.

ఇక్కడ రైడర్లకు మాత్రమే ఉపయోగపడే ఒక సంగతి. మేడారం జాతర రెండేళ్లకోసారి. జాతరకు ముందు ములుగు, పస్రా, తాడ్వాయి, మేడారం రోడ్లన్నీ బాగు చేస్తారు. కాబట్టి జాతర అయిపోయిన మార్చి నుంచి తర్వాతి వానాకాలం దాకా ఆ రోడ్లు ఉన్నంత నున్నగా మళ్లీ రెండేళ్ల దాకా ఉండవు. ఇల్లు చూసుకోవడానికి వచ్చినవాళ్లు ఆ నెలల్లో రోడ్డు చూసి మురిసిపోవద్దు. జాతర లేని ఏడాది అక్టోబరులో చూసి నిర్ణయించుకోండి.

ఆసుపత్రి లెక్కలో హనుమకొండకు పోటీ లేదు. ఎంజీఎం ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, ప్రైవేటువీ బోలెడు. పేరున్న కంపెనీల షోరూములు, సర్వీసు సెంటర్లు ఉన్నాయి. పాత బుల్లెట్ ఇంజను విప్పి చూసే మెకానిక్కులు ఇంకా కొందరున్నారు. మడికొండలో ఐటీ కంపెనీలు, మంచి బడులు, రైలు. ఇంట్లో మిగతావాళ్లు గొడవ పెట్టుకోకుండా ఒప్పుకునే ఊరు ఈ జాబితాలో ఇదొక్కటే అనుకుంటాను.

లోటు ఒకటే: గుట్టల మలుపులు లేవు. అడవి ఉంది, చెరువులున్నాయి, ఘాట్ లేదు. బండి అటూ ఇటూ వంచి నడపడమే సరదా అనుకునేవాళ్లు ఇక్కడ ఏడాదిలో విసుగెత్తిపోతారు.

## ములుగు: దగ్గర అయితే దగ్గరే

హనుమకొండవాళ్లు గంట నడిపి చేరే చోట ములుగువాళ్లు బయలుదేరతారు. రామప్ప, లక్నవరం, తాడ్వాయి అడవి అన్నీ వాళ్లకు సాయంత్రపు షికారే. గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువుకు పోయే రోడ్డు మామూలు రోజు సాయంత్రం ఒకరిద్దరు తప్ప ఎవరూ లేకుండా ఉంటుంది. ఆదివారం అక్కడ కార్లు పార్కు చేయడానికి చోటుండదు. ఊర్లో ఉన్నవాళ్లకు ఆ తేడాయే లాభం.

కిరాయిలు తక్కువ, కానీ దొరికే ఇళ్లూ తక్కువే. జిల్లా కేంద్రం అయ్యాక ఆఫీసులు, మెడికల్ కాలేజీ వచ్చాయి. మామూలు జ్వరానికి, కుట్లు వేయించుకోవడానికి చాలు. కాలు విరిగితే వరంగల్ పోవాల్సిందే, సుమారు 50 కిలోమీటర్లు. బండి పెద్ద సర్వీసుకూ అంతే. నూట యాభై సీసీ లోపు బండ్లు ఇక్కడే బాగవుతాయి.

చుట్టు దారులు పైకి చూస్తే చాలానే ఉన్నట్టుంటాయి. వానాకాలంలో సగం మూసుకుపోతాయి. జంపన్నవాగు, దయ్యాలవాగు పొంగితే అటు ఊర్లు తెగిపోతాయి. అభయారణ్యంలో పక్క బాటల్లోకి బండి దింపడానికి అటవీశాఖ ఒప్పుకోదు, ఒప్పుకోవద్దు కూడా. మేడారం జాతర నెలలో బండి బయటకు తీయాలన్న ఆశ వదులుకోవాలి. అప్పుడు బస్సులు, కార్లు, ఎడ్లబండ్లు, కాలినడకన వచ్చే జనంతో అసలు రోడ్డే కనపడదు.

ఇసుక లారీల సంగతి పైన చెప్పాను. ములుగులో ఉంటే అది రోజూ ఉండే సంగతి. ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి వచ్చే లారీలన్నీ మీ ఇంటి ముందు నుంచే పోతాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది నడుమ నడిపితే గొడవ తక్కువ.

## భూపాలపల్లి, కరీంనగర్

భూపాలపల్లి గురించి తేల్చి చెబుతాను. గనుల్లోనో, చెల్పూర్ థర్మల్ కేంద్రంలోనో ఉద్యోగం ఉంటే తప్ప బండి కోసం ఆ ఊరు ఎంచుకోవద్దు. మహదేవ్‌పూర్ దాటి కాళేశ్వరం దాకా అడవి రోడ్డు చక్కగా ఉంటుంది. త్రివేణి సంగమం దగ్గర గోదావరి వంతెన దాటితే అవతల మహారాష్ట్ర సిరోంచ. రేగొండ దగ్గర పాండవుల గుట్టలూ ఉన్నాయి. కానీ అటు పోతే ఇసుక, ఇటు వస్తే బొగ్గు. ఉద్యోగం అక్కడే పడితే బాధపడాల్సిన పనీ లేదు, ఆదివారం తెల్లవారుజామున కాళేశ్వరం రోడ్డు మీదే.

కరీంనగర్ నివాసానికి మంచి ఊరు. మానేరు డ్యాం కట్ట, 2023లో తెరిచిన కేబుల్ వంతెన, పెద్ద ఆసుపత్రులు, అన్ని కంపెనీల సర్వీసు. హైదరాబాద్, వరంగల్, జగిత్యాల, మంచిర్యాల, సిరిసిల్ల అన్నిటికీ రోడ్లు అక్కడి నుంచి చీలతాయి. వారాంతం రెండు రోజులు మూడొందల కిలోమీటర్లు పోయేవాళ్లకు ఇది నట్టనడుమ ఊరు. రోజూ గంటసేపు నడిపేవాళ్లకు మాత్రం చప్పగా ఉంటుంది. రాజీవ్ రహదారి రద్దీగా ఉంటుంది, మిగతా దారుల్లో గ్రానైట్ లారీలు. దగ్గర్లో ఘాట్ అంటే కొండగట్టు, చిన్నది. 2018 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయింది ఆ ఘాట్ మీదే. సరదాకు పోయే చోటు కాదది.

## మంచిర్యాల: అన్నీ కొంచెం కొంచెం

మంచిర్యాలకు పేరు తక్కువ, పని ఎక్కువ. రైల్వే లైను మీద ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, గోదావరి పక్కనే. ఆసిఫాబాద్ వైపు 363వ నంబరు జాతీయ రహదారి నాలుగు లైన్లయ్యాక, పాత రోడ్డు మీద బెల్లంపల్లి దాటడానికి పట్టిన టైములో ఇప్పుడు ఆసిఫాబాద్ దగ్గరికొచ్చేస్తున్నారు. అంటే కెరమెరి ఘాట్ ఒక పూట పని.

నా లెక్కలో మంచిర్యాల బలం మరో దిక్కున ఉంది. లక్సెట్టిపేట, దండేపల్లి మీదుగా జన్నారం. అక్కడి నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యం నడుమ కడెం దాకా రోడ్డు. టేకు చెట్లు రెండు వైపులా. ఆకు రాలే ఫిబ్రవరి, మార్చిలో అడవి లోపలి దాకా చూపు పోతుంది, వానల్లో పచ్చటి గోడ లేస్తుంది. రెండు కాలాల్లో నడిపితే రెండు వేర్వేరు రోడ్లనిపిస్తుంది. అటవీ చెక్‌పోస్టుల దగ్గర రాత్రి ఆంక్షలు పెడుతుంటారు, మారుస్తుంటారు. కనుక్కునే వెళ్లాలి, చీకటి పడక ముందే బయటపడేలా చూసుకోవాలి.

ఎండ ఒకటి తట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, మంచిర్యాల ప్రాంతం రాష్ట్రంలోనే బాగా కాగే చోట్లలో ఒకటి, 45 డిగ్రీలు మామూలు. ఆ రెండు నెలలు పొద్దున ఎనిమిది లోపు బండి ఇంట్లో ఉండాలి. నగరం నడుమ నుంచి బయటపడడానికే పావుగంటకు పైగా పడుతుంది కాబట్టి లక్సెట్టిపేట రోడ్డు వైపు ఇల్లు చూసుకోండి, బెల్లంపల్లి వైపు కాదు.

## నిర్మల్: బండి ఒక్కటే చూసుకుంటే ఇదే

ఘాట్ కావాలి, అడవి కావాలి, చెరువులు కావాలి, రోజూ కావాలి అంటే జవాబు నిర్మల్. ఊరి నుంచి నేరడిగొండ వైపు పాత ఏడో నంబరు జాతీయ రహదారి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంది. 44వ నంబరు హైవేను నాలుగు లైన్లుగా వేరే దారిలో వేశాక లారీలు అటు మళ్లాయి, ఘాట్ మనకు మిగిలింది. ఒకప్పుడు కశ్మీర్ నుంచి కన్యాకుమారి పోయే లారీలన్నీ ఎక్కిన మలుపులు ఇప్పుడు సాయంత్రం షికారుకు దొరుకుతున్నాయంటే అదృష్టమే. పైన ఆగితే కింద లోయ, దూరంగా చెరువులు. కోతులుంటాయి, సంచి బండి మీద వదిలి ఫొటోలు దిగొద్దు.

ఘాట్ ఎక్కి దిగితే నేరడిగొండ. అక్కడి నుంచి కడెం వాగు మీద కుంటాల జలపాతం, బోథ్ మండలంలో పొచ్చెర జలపాతం. కొత్త హైవే మీద తిరిగి రావచ్చు. ఇంకో దిక్కున ఖానాపూర్ మీదుగా కడెం ప్రాజెక్టు, జన్నారం. మరో దిక్కున సారంగాపూర్, అడెల్లి పోచమ్మ గుడి. పడమరకు భైంసా, బాసర దారి తిన్నగా, వెడల్పుగా ఉంటుంది, పొద్దుగూకే వేళ కళ్లలో ఎండ కొడుతుంది. నాలుగు దిక్కుల్లో నాలుగు రకాల రోడ్లు, అన్నీ గంట లోపు. ఊరు చిన్నది కాబట్టి ఎటు ఇల్లు తీసుకున్నా ఇరవై నిమిషాల కొలత దాటదు. ఈ రెండు మాటలూ కలిపి ఈ జాబితాలో ఇంకే ఊరికీ చెప్పలేను.

మరి హైదరాబాద్‌కు సుమారు 210 కిలోమీటర్లు. రైలు లేదు. పెద్ద ఆపరేషన్ అంటే నిజామాబాద్ లేదా హైదరాబాద్ వైపు చూడాలి, అయితే 44 మీద అంబులెన్సు వేగంగా పోతుంది. ములుగు అడవిలో పడ్డవాడి కంటే నిర్మల్ ఘాట్‌లో పడ్డవాడు ఆసుపత్రికి తొందరగా చేరతాడు. ఉద్యోగాలు తక్కువ. ఇంటి నుంచి పని చేసేవాళ్లు, టీచర్లు, పెన్షనర్లు సుఖపడతారు. వరంగల్‌లో అమ్మానాన్నలున్నవాళ్లు మాత్రం పండుగలకు, పెళ్లిళ్లకు ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుందో ముందే లెక్కేసుకోవాలి. ఆ దారి కరీంనగర్, జగిత్యాల మీదుగా పొడుగే.

## ఉట్నూరు, ఆసిఫాబాద్, ఆదిలాబాద్

రోడ్డు ఒక్కటే కొలతైతే ఆసిఫాబాద్ నుంచి కెరమెరి, జైనూరు మీదుగా ఉట్నూరు పోయే దారిని ఈ ప్రాంతంలో ఏదీ గెలవలేదు. కెరమెరి ఘాట్ మలుపులు పదునుగా ఉంటాయి, పక్కన రక్షణ గోడ లేని చోట్లున్నాయి. కెరమెరి మండలంలోనే కుమ్రం భీం స్మారకం ఉన్న జోడేఘాట్. ఉట్నూరు నుంచి అటు ఇంద్రవెల్లి, కేస్లాపూర్ నాగోబా గుడి. తేలికపాటి బండి, మంచి బ్రేకులు, నిదానం ఉన్నవాళ్ల రోడ్డిది. బరువు బండ్లు ఇక్కడ చేతులు నొప్పి పెట్టిస్తాయి.

చలికాలం ఇక్కడ నిజమైన చలికాలం. సిర్పూర్(యు), తిర్యాణి దిక్కు రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి పడిన సందర్భాలున్నాయి. పొద్దున మంచులో ముందున్న ఎడ్లబండి కనపడదు. చేతి తొడుగులు లేకుండా క్లచ్ పట్టుకోలేరు.

బదిలీ మీద ఏడాది రెండేళ్లు వచ్చేవాళ్లు దీన్ని శిక్ష అనుకుంటారు. బండి ఉన్నవాళ్లకు అంతకంటే మంచి పోస్టింగ్ లేదు. సొంతిల్లు కొనేంత పని మాత్రం చేయొద్దు. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఆసుపత్రి ఉంది, పెద్ద బజారుంది, అక్కడ కాపురం పెట్టి వారానికోసారి ఉట్నూరు వైపు తిరగడం మధ్యే మార్గం. ఊరు దాటగానే తిన్నని పత్తి చేల రోడ్లే, మలుపుల కోసం దూరం పోవాలి.

## ఎవరికి ఏది

బడికి పోయే పిల్లలు, ఉద్యోగం చేసే భార్య లేక భర్త ఉంటే హనుమకొండ, ములుగు రోడ్డు వైపు. రెండో ఆలోచన పెట్టుకోకండి. పాకాల అడవి మీద మనసుంటే నర్సంపేట రోడ్డు.

ఒంటరిగా ఉండి లాప్‌టాప్ ముందు పని చేసేవాళ్లు మొదట నిర్మల్ చూడండి. వరంగల్ దగ్గర్లోనే ఉండాలన్న పట్టు ఉంటే ములుగు. రెండు చోట్లా ఇంటర్నెట్ ఆ వీధిలో ఎలా ఉందో పక్కింటివాళ్లనడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

అరవై దాటినవాళ్లకు నేను ములుగు చెప్పను, ఎంత ముద్దొచ్చినా సరే. హనుమకొండ లేదా మంచిర్యాల. బీపీ మాత్రలు, కళ్ల డాక్టరు, పళ్ల డాక్టరు దగ్గర్లో ఉంటే బండి ఇంకో పదేళ్లు నడపొచ్చు.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఘాట్ ఉన్న ఊరికి తొందరపడొద్దు. నర్సంపేట రోడ్డులో ఏడాది నడిపితే పశువులు, ట్రాలీలు, ఆరబోసిన మక్కలు, రంగు వేయని స్పీడు బ్రేకర్లు అన్నీ నేర్పేస్తాయి. ఆరొందల సీసీ పైన ఉన్న బండి కొన్నవాళ్లకు కరీంనగర్ అచ్చొస్తుంది. ఆ బండికి కావలసిన వేగం పొడుగు దారుల్లోనే ఉంది, సర్వీసుకు హైదరాబాద్ పోవడానికి రాజీవ్ రహదారి ఉంది.

## అడ్వాన్సు ఇచ్చేముందు

ఇల్లు నచ్చితే ఆదివారం కాకుండా పనిరోజు సాయంత్రం ఆరింటికి ఆ వీధి నుంచి బండి తీసి, అనుకున్న రోడ్డు మీదికి పోయి చూడండి. వీలైతే వాన పడిన మర్నాడు ఇంకోసారి. దారిలో ఎన్ని కల్వర్టుల మీద నీళ్లు పారుతున్నాయో, లారీలు ఎటు నుంచి వస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది. గుంతల సంగతి పాల బండివాళ్లనడిగితే ఏ గుంత ఏ నెల నుంచి ఉందో చెబుతారు.

ఇంటి గేటు కొలవండి. హ్యాండిల్ వెడల్పు బండ్లకు రెండున్నర అడుగుల పక్క గేటు చాలదు, రోజూ పెద్ద గేటు తెరవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. రోడ్డు నుంచి గేటుకు ర్యాంపు మరీ నిటారుగా ఉంటే వానలో రెండొందల కిలోల బండిని రివర్సులో దించడం ఒక్కరి వల్ల కాదు. హనుమకొండలోనూ నిర్మల్‌లోనూ కోతుల బెడద ఉంది. సీటు కవరు పీకి స్పాంజి చూసేదాకా వదలవు. షట్టరున్న పార్కింగ్ దొరికితే కిరాయి అయిదొందలు ఎక్కువైనా అదే తీసుకోండి, ఏడాదికి రెండు సీట్లు కుట్టించే ఖర్చు మిగులుతుంది.